తెర మీద మోగింది... ట్యాంకు దగ్గర మూగబోయింది!

పొద్దున్నే మోటారు వేస్తారు. పాలు పొంగాయనో, ఫోన్ మోగిందనో ఎవరో ఒకరు ఆపడం మర్చిపోతారు. పావుగంట తర్వాత మేడ మీంచి జలపాతం! 'మోటారు ఆపండీ' అని పక్కింటివాళ్లు కేకేసేదాకా ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్‌లో ఈ సన్నివేశం జరగని వీధి ఉండదేమో. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలున్న ఇంట్లో అయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా వినిపిస్తుంది.

'ఏం చదువులేనే తల్లీ... ట్యాంకు నిండితే చెప్పే మిషనొకటి చెయ్యలేవూ?'

చెయ్యొచ్చు. ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక బజర్, 9 వోల్టుల బ్యాటరీ, రెండు తీగలు... సరుకంతా ఇంతే. తీగల కొసలు ట్యాంకు అంచు దగ్గర వేలాడుతుంటాయి. నీళ్లు అక్కడిదాకా వచ్చి రెండు కొసల్నీ తాకగానే నీటిగుండా రవ్వంత కరెంటు పారుతుంది. ఆ రవ్వంత కరెంటును ట్రాన్సిస్టర్ పెద్దది చేసి బజర్‌కు అందిస్తుంది. బజర్ మోగుతుంది. డిగ్రీ, డిప్లొమా, ఇంజినీరింగ్ పిల్లలు ఏళ్లుగా చేస్తున్న మినీ ప్రాజెక్టుల్లో ఇదీ ఒకటి.

బషీర్‌బాగ్ చుట్టుపక్కల ఏదో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయికి ఇంట్లో ఈ మాట పడిందనుకుందాం. ఇదివరకైతే ఆమె నేరుగా కోఠీ వెళ్లి సామాను కొనుక్కొచ్చుకుని బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి చూసేది. ఇప్పుడు ముందు కంప్యూటర్ తెరుస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క తీగ ముట్టుకోకుండా సర్క్యూట్‌ను తెర మీదే గీసి, తెర మీదే మోగించి చూసుకుంటుంది. దీన్నే సిమ్యులేషన్ అంటున్నారు. మోగుతుందా? తప్పకుండా మోగుతుంది. అసలు కథంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

నేల లేనిదే నిలబడదు

సర్క్యూట్ గీసే సాఫ్ట్‌వేర్‌లు చాలానే ఉన్నాయి. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు మల్టీసిమ్, పీస్పైస్, ప్రోటియస్. డబ్బు కట్టక్కర్లేనివి ఎల్‌టీస్పైస్, కైక్యాడ్, ఐఐటీ బొంబాయి వాళ్ల ఈసిమ్. ఏదైనా పద్ధతి దాదాపు ఒకటే. ఓ పక్క సామాన్ల జాబితా ఉంటుంది. అందులోంచి రెసిస్టర్ తెచ్చి ఇక్కడ, ట్రాన్సిస్టర్ తెచ్చి అక్కడ పెట్టాలి. విలువలు రాయాలి. మౌస్‌తో గీతలు గీసి కలపాలి. 'రన్' నొక్కాలి.

కొత్తవాళ్లు మొదటిసారి రన్ నొక్కగానే నూటికి తొంభైసార్లు తెర మీద ఎర్రక్షరాలు ప్రత్యక్షమవుతాయి. గ్రౌండ్ లేదు అని! బ్యాటరీ ఉంది, తీగలున్నాయి, మళ్లీ ఈ గ్రౌండేమిటి? పుస్తకంలో మూడు అడ్డగీతలుగా కనిపించే ఆ గుర్తును అప్పటిదాకా అలంకారం అనుకున్నవాళ్లకు ఇక్కడ మొదటి పాఠం. బషీర్‌బాగ్‌కు కూతవేటు దూరంలో బిర్లా మందిరం ఉన్న నౌబత్ పహాడ్ ఎంత ఎత్తు అని అడిగితే ఎక్కడినుంచి అన్న ఎదురుప్రశ్న వస్తుంది కదా. రోడ్డు మీంచా, సముద్ర మట్టం నుంచా? వోల్టేజీ కూడా అంతే. ఫలానా చోటు సున్నా అని ఒప్పుకుంటేనే మిగతా చోట్ల ఎంతుందో చెప్పగలం. నిజం సర్క్యూట్లో మనం చెప్పకపోయినా కరెంటు తన పని తాను చేసుకుపోతుంది. కంప్యూటర్ అలా కాదు. సున్నా ఎక్కడో చెప్పకపోతే లెక్క మొదలే పెట్టదు.

ఇంతకీ అది చేసే లెక్కేమిటి? బషీర్‌బాగ్ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి నిలబడితే సగం అర్థమవుతుంది. కూడలిలోకి నాలుగు వైపుల నుంచీ ఎన్ని బండ్లొస్తాయో, నాలుగు వైపులా కలిపి అన్ని బండ్లు బయటికి పోవాలి. మనుషుల కూడలిలో అయితే బండ్లు ఆగిపోతాయి, హారన్లు మోగుతాయి. తీగల కూడలిలో ఎలక్ట్రాన్లకు ఆగే సదుపాయం లేదు. లోపలికి వచ్చినంతా బయటికి పోవాల్సిందే. జర్మనీకి చెందిన గుస్తావ్ కిర్కాఫ్ ఈ సూత్రాన్ని 1845లో రాశాడు. అప్పటికి అతని వయసు 21. ఇంకా విద్యార్థే. ఇప్పటి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లు కూడా చేసేది ఆ కుర్రాడి లెక్కే. సర్క్యూట్లో తీగలు కలిసే ప్రతి చోటుకూ ఒక సమీకరణం రాసి, అన్నింటినీ కలిపి ఒకేసారి సాధిస్తాయి.

రెసిస్టర్లు మాత్రమే ఉంటే అది పదో తరగతి లెక్క. ట్రాన్సిస్టర్, డయోడ్ వచ్చాయంటే చిక్కు. వాటి గుండా పారే కరెంటు వోల్టేజీతోపాటు తిన్నగా పెరగదు. ఒక హద్దు దాటాక ఒక్కసారిగా లంఘిస్తుంది. అలాంటివాటికి సూటిగా జవాబు రాదు. అందుకే కంప్యూటర్ పులుసులో ఉప్పు చూసే పద్ధతి పట్టుకుంటుంది. ముందు ఒక అంచనా వేస్తుంది. సరిపోయిందా అని చూస్తుంది. తగ్గితే కాస్త పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. రుచి కుదిరేదాకా చూస్తూనే ఉంటుంది. ఒక్కోసారి ఎన్నిసార్లు చూసినా కుదరదు. అప్పుడు 'కన్వర్జెన్స్' కుదరలేదంటూ చేతులెత్తేస్తుంది. ఆ మాట చూసి కంగారుపడని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఉండడు.

మాస్టారు ఒప్పుకుంటే పాస్!

ఈ సాఫ్ట్‌వేర్‌ల పేర్ల చివర ఎక్కువగా 'స్పైస్' అని ఎందుకుంటుందో చాలామంది విద్యార్థులకు కూడా తెలియదు. అది మసాలా కాదు. వీటన్నింటికీ మూలపురుషుడి పేరు.

1960ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ రోరర్ అనే అధ్యాపకుడు తన క్లాసుకు ఓ విచిత్రమైన పరీక్ష పెట్టాడు. మామూలు పాఠాలు లేవు. సర్క్యూట్లను అనుకరించే ప్రోగ్రామ్ ఒకటి అందరూ కలిసి రాయాలి. అది బాగుందో లేదో తేల్చేది మరో ఆచార్యుడు డోనాల్డ్ పెడర్సన్. ఆయన ఒప్పుకుంటే క్లాసంతా పాస్, లేదంటే క్లాసంతా ఫెయిల్! ఆ క్లాసులో లారెన్స్ నాగెల్ అనే విద్యార్థి ఉన్నాడు. వాళ్లు రాసిన ప్రోగ్రామ్ పేరు 'క్యాన్సర్'. భయపడాల్సిన పనిలేదు, అది ఒక పొడవాటి ఇంగ్లీషు పేరుకు పొట్టిరూపం. అందులో చివరి రెండు మాటలకు 'రేడియేషన్ మినహా' అని అర్థం. అప్పట్లో ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు అమెరికా రక్షణశాఖ డబ్బుతో, అణు రేడియేషన్‌కు సర్క్యూట్లు తట్టుకుంటాయో లేదో చూడటానికి తయారయ్యేవి. తమకు ఆ పనితో సంబంధం లేదని కుర్రాళ్లు పేరులోనే చెప్పుకున్నారు.

రోరర్ బర్క్‌లీ వదిలి వెళ్లాక నాగెల్ పెడర్సన్ దగ్గర చేరి ఆ ప్రోగ్రామ్‌నే సాన పట్టాడు. 1973లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో 'స్పైస్' లోకానికి పరిచయమైంది. ఫోర్ట్రాన్‌లో రాసిన ఆ ప్రోగ్రామ్‌కు సర్క్యూట్ వివరాలను చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద అందించేవాళ్లు. ఆ అట్టల కట్టను డెక్ అనేవారు. అట్టలు పోయి ఎన్నో ఏళ్లయినా, సర్క్యూట్ వివరాల ఫైలును ఇప్పటికీ పాతకాపులు స్పైస్ డెక్ అనే అంటారు.

పెడర్సన్ చేసిన గొప్ప పని వేరే ఉంది. ఆయన దాన్ని అమ్ముకోలేదు. అడిగినవాళ్లకల్లా నామమాత్రపు ఖర్చుతో టేపు మీద ఎక్కించి ఇప్పించాడు. బదులుగా తప్పులేమైనా దొరికితే చెప్పమన్నాడు. అలా దేశదేశాలకూ పాకింది. 1984లో మైక్రోసిమ్ అనే కంపెనీ దాన్ని పర్సనల్ కంప్యూటర్‌లో పనిచేసేలా చేసి పీస్పైస్ అంది. కెనడాలోని టొరంటో నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ వర్క్‌బెంచ్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీదే మీటర్లను, ఆసిలోస్కోపును బొమ్మలుగా చూపించి విద్యార్థులను ఆకట్టుకుంది. అదే తర్వాత మల్టీసిమ్ అయింది. పీస్పైస్ ఉచిత కూర్పులో పది ట్రాన్సిస్టర్లకు మించి పెట్టనిచ్చేది కాదు. మన పిల్లల ప్రాజెక్టులకు పది చాలు లెండి.

హైదరాబాద్‌కు ఎలక్ట్రానిక్స్ కొత్తేమీ కాదు. 1967లో ఇక్కడ ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుది పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు. ఏఎస్ రావు నగర్ అని మనం రోజూ అనే పేరు ఆయనదే. స్పైస్ ఇంకా పుట్టకముందే, 1969లో, ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ బయటికొచ్చింది. ఆ తరం ఇంజినీర్లకు సిమ్యులేటర్ లేదు. కాగితం మీద లెక్క వేయడం, బల్ల మీద అతికించి చూడటం, కాలిపోతే మళ్లీ అతికించడం... అంతే.

గుజరాతీ గల్లీకి దారి

సరే, మన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె గ్రౌండ్ పెట్టింది. బేస్ దగ్గర 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టింది. ఎందుకు 100? ఎక్కడో చూసిన బొమ్మలో అంతుంది మరి! ట్రాన్సిస్టర్ బీసీ 547. సాఫ్ట్‌వేర్‌లో బజర్ దొరకలేదు. 9 వోల్టులకు 15 మిల్లీ ఆంపియర్లు తీసుకునే బజర్ అంటే లెక్కప్రకారం 600 ఓమ్‌ల రెసిస్టర్‌తో సమానం. కాబట్టి దాన్నే బజర్ అనుకుంది. మరి నీళ్లో? ఏ సిమ్యులేటర్‌లోనూ నీళ్ల బొమ్మ ఉండదు. అదీ ఒక రెసిస్టరే. 10 కిలో ఓమ్‌లని రాసేసింది. రన్ నొక్కింది. బజర్ గుండా నిండుగా 15 మిల్లీ ఆంపియర్లు. భేష్!

ఇక సామాను కొనాలి. బషీర్‌బాగ్ నుంచి గన్‌ఫౌండ్రీ దాటి, అబిడ్స్ జీపీవో మీదుగా కోఠీ వైపు వెళ్తే బ్యాంక్ స్ట్రీట్ పక్కన గుజరాతీ గల్లీ. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి ఈ గల్లీ తొక్కనివాళ్లు అరుదు. ఇరుకు దారి. రెండు పక్కలా దుకాణాలు. లోపల గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. సొరుగు సొరుగుకూ ఒక నంబరు. 'భాయ్, బీసీ 547 దస్, సౌ కే రెసిస్టర్ దస్' అంటే చాలు, దుకాణదారు చూడకుండానే చెయ్యి పెట్టి తీస్తాడు. చిల్లర మార్పించుకోవడమే కష్టం. ఒక్క రెసిస్టర్ కొంటానంటే ఎవరూ ఇవ్వరు. పదో ఇరవయ్యో తీసుకోవాలి. అయినా చాయ్ ఖర్చు కంటే ఎక్కువ కాదు. ఆదివారమైతే దారిలో అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల బజారు ఉంటుంది. మిల్‌మన్-హాల్కియాస్, బాయిల్‌స్టాడ్ పుస్తకాలు ఎవరో సీనియర్ పెన్సిల్ గీతలతో సహా దొరుకుతాయి. ఆ గీతలే ఒక్కోసారి పుస్తకం కంటే పనికొస్తాయి.

ఇంటికొచ్చి బ్రెడ్‌బోర్డు మీద గుచ్చింది. మోగలేదు. మొదటి తప్పు తేలిగ్గానే దొరికింది. ట్రాన్సిస్టర్ చదును ముఖం మనవైపు పెట్టుకుంటే బీసీ 547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఆమె తిప్పి గుచ్చింది. తెర మీద ట్రాన్సిస్టర్‌కు ముందూ వెనకా ఉండదు కాబట్టి అక్కడ ఈ తప్పు చెయ్యడం కుదరదు. రెండోది బ్రెడ్‌బోర్డుదే. పెద్ద బోర్డులు కొన్నింటిలో పై వరస సగం దగ్గర తెగి ఉంటుంది. ఎడమ సగంలో ఇచ్చిన 9 వోల్టులు కుడి సగానికి చేరవు. ఇది తెలియక బ్యాటరీని అనుమానించినవాళ్లు ఎందరో.

అన్నీ సరిచేసి, గ్లాసులో బోరు నీళ్లు పోసి తీగలు ముంచింది. మోగింది! ఇల్లంతా పండగ. తీసుకెళ్లి మేడ మీద ట్యాంకుకు కట్టింది. మర్నాడు పొద్దున నల్లా నీళ్లొచ్చాయి, ట్యాంకు నిండింది, పొంగింది. బజర్ మాత్రం గొంతు పూడుకుపోయినట్టు గురగురమని ఊరుకుంది.

నీళ్లన్నీ ఒకటి కావు

తప్పెక్కడ? అచ్చమైన శుద్ధజలం గుండా కరెంటు దాదాపు పారదు. నీటిలో కరిగిన లవణాలే దాన్ని మోస్తాయి. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లకూ, శుద్ధి చేసి పంపే మంజీరా, కృష్ణా నీళ్లకూ తేడా ఉంటుంది. పైగా గ్లాసులో తీగ సగం మునిగింది. ట్యాంకులో ఒట్టి కొస మాత్రమే తడిసింది. రెండు తీగల మధ్య దూరమూ పెరిగింది. తెర మీద 10 కిలో ఓమ్‌లని రాసిన చోట నిజంగా 80 ఉందనుకుంటే? ఎవరు చెప్పాలి?

ట్రాన్సిస్టర్ సంగతి మరీ విచిత్రం. సాఫ్ట్‌వేర్‌లో ఉండే బీసీ 547బీ నమూనాకు కరెంటును దాదాపు 300 రెట్లు చేసే శక్తి ఉంటుంది. దాన్నే గెయిన్ అంటారు. కానీ గల్లీలో బీసీ 547 అని అడిగితే ఏ రకమైనా రావొచ్చు. 'ఏ' రకానికి గెయిన్ 110 నుంచి 220 మధ్య ఎంతైనా ఉండొచ్చని తయారుచేసినవాళ్లే చెబుతారు. 'బీ'కి 200 నుంచి 450. 'సీ'కి 420 నుంచి 800. ఒకే పేరు, ఒకే రూపు. ఒక తల్లి బిడ్డలే అయినా ఒకడు రోజుకు నాలుగు బస్తాలు మోస్తే ఇంకొకడు అరబస్తాకే కూలబడతాడన్నట్టు!

ఇక్కడే సిమ్యులేటర్ తన ఉప్పు రుణం తీర్చుకుంటుంది. అమ్మాయి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఈసారి గెయిన్‌ను 110కి తగ్గించింది, నీటిని 80 కిలో ఓమ్‌లు చేసింది. బజర్‌కు చేరుతున్నది 5 మిల్లీ ఆంపియర్లు. కావలసినదాంట్లో మూడో వంతు. ట్యాంకు దగ్గర వినిపించిన గురగుర అదే! ఇంకో సంగతీ బయటపడింది. నీటి రెసిస్టెన్స్‌ను సున్నా చేసినా, అంటే రెండు తీగలనూ నేరుగా ముడేసినా, ఈ ట్రాన్సిస్టర్‌తో 9 మిల్లీ ఆంపియర్లకు మించి రాదు. కాబట్టి తప్పు నీళ్లది ఒక్కటే కాదు. ఎక్కడో చూసి పెట్టిన ఆ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ది కూడా.

దాన్ని 10కి తగ్గించి చూసింది. అప్పుడు నీటి విలువను 1 నుంచి 500 కిలో ఓమ్‌ల దాకా తనంతట తాను మారుస్తూ పొమ్మని కంప్యూటర్‌కు చెప్పింది. దీన్ని పారామీటర్ స్వీప్ అంటారు. చేత్తో చెయ్యాలంటే ఒక పూట పట్టే పని రెప్పపాటులో గీతగా తెర మీదికొచ్చింది. 50 కిలో ఓమ్‌ల దాకా బజర్ నిండుగా మోగుతోంది. ఆ తర్వాత నీరసిస్తోంది. మెరుగే గానీ, 80కి చాలదు.

పుస్తకంలో ఓ చిట్కా ఉంది. ఒక ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను ఇంకో దాని బేస్‌కు కలిపి, కలెక్టర్లను జత చేస్తే గెయిన్‌లు కూడుకోవు, గుణించుకుంటాయి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన సిడ్నీ డార్లింగ్‌టన్ 1950ల్లో కనిపెట్టిన ఏర్పాటిది. అరబస్తా మోసేవాళ్లిద్దరు కలిస్తే 110 ఇంటూ 110... పన్నెండు వేల పైమాటే. ఇప్పుడు మొదటి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అలాగే ఉంచినా, నీటిని మెగా ఓమ్ చేసినా బజర్ కిమ్మనకుండా ఊరుకోదు. అదనంగా అయిన ఖర్చు ఇంకో ట్రాన్సిస్టర్. అది ఎలాగూ కొన్న పదింటిలో ఉంది.

కొనుక్కునే ప్రాజెక్టులు

ఇదంతా ఎందుకు, రెడీమేడ్ ప్రాజెక్టు కొనేస్తే పోలా అనేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. చివరి సంవత్సరం వచ్చిందంటే రిపోర్టుతో సహా ప్రాజెక్టు చేతిలో పెట్టే చోట్లు వెలుస్తాయని తల్లిదండ్రులకూ తెలుసు. కష్టపడి కూడబెట్టిన సొమ్ము తీసి ఇచ్చేది వాళ్లే మరి. ఆ పెట్టెలో దీపం వెలుగుతుంది, బజర్ మోగుతుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ మోత విని మురిసిపోడు. వేలు పెట్టి చూపించి, 'ఈ రెసిస్టర్ తీసేస్తే ఏమవుతుంది?' అంటాడు. అక్కడ చాలామందికి గొంతు తడారిపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే సిమ్యులేటర్ పుట్టింది. తీసేసి రన్ నొక్కితే ఏమవుతుందో కనిపిస్తుంది. కాలిపోయేదుంటే తెర మీదే కాలుతుంది. జేబుకు చిల్లు పడదు. కొన్న ప్రాజెక్టుకు పెట్టే సొమ్ములో పదో వంతు చాలు, పిల్లలు పది సర్క్యూట్లు సొంతంగా కట్టుకోవచ్చు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2009 తర్వాతి సిలబస్‌లలో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల ల్యాబును రెండు ముక్కలుగా చెప్పింది. కొన్ని ప్రయోగాలు సిమ్యులేషన్‌లో, కొన్ని నిజం సామానుతో బల్ల మీద. తెలివైన విభజన. 2020లో లాక్‌డౌన్ వచ్చి కాలేజీలు మూతపడినప్పుడు బల్ల సగం పోయి తెర సగమే మిగిలింది. కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలో ఐఐటీలు, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలు నడిపే వర్చువల్ ల్యాబ్స్ అప్పుడు చాలామందిని ఆదుకున్నాయి. కానీ రెండేళ్ల పాటు సోల్డరింగ్ పొగ పీల్చకుండా, ట్రాన్సిస్టర్ కాలు విరగ్గొట్టకుండా పాసైపోవడం మంచిదని ఎవరనగలరు?

తెరను అతిగా నమ్మొద్దని గట్టిగా చెప్పినవాళ్లలో అమెరికన్ ఇంజినీర్ బాబ్ పీజ్‌ది పెద్ద పేరు. 2011లో కన్నుమూసేనాటికి ఆయన ఎన్నో ఏళ్లుగా పత్రికల్లో స్పైస్ మీద కత్తులు దూస్తూ వచ్చాడు. ఒకసారి కంప్యూటర్‌ను మేడ మీంచి కింద పడేశాడు కూడా. ఆయన మాటలో కొంత అతి ఉంది. ఇవాళ కోట్ల ట్రాన్సిస్టర్లుండే చిప్‌ను సిమ్యులేషన్ లేకుండా ఎవరూ తయారుచెయ్యలేరు. ఆ పని మీదే మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఎంతోమంది తెలుగు ఇంజినీర్లు బతుకుతున్నారు. అయినా పీజ్ కోపానికి కారణాలు లేకపోలేదు.

ఒక్కటి చూడండి. ఎల్‌ఈడీని 9 వోల్టుల బ్యాటరీకి రెసిస్టర్ లేకుండా కలిపితే ఏమవుతుంది? క్షణంలో మాడిపోతుంది. ఎల్‌టీస్పైస్‌లో కలిపి చూడండి, మాడదు. ఆంపియర్ల కొద్దీ కరెంటు పారుతోందని నింపాదిగా గీత గీసి చూపిస్తుంది. పిల్లల కోసం తయారైన టింకర్‌క్యాడ్ నయం, బొమ్మ మీద పేలుడు గుర్తు వేసి హెచ్చరిస్తుంది. 9 వోల్టులకు ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాలంటే అది తినే 2 వోల్టులు తీసేసి, మిగిలిన 7ను 15 మిల్లీ ఆంపియర్లతో భాగించాలి. 467 వస్తుంది. గల్లీలో దొరికేది 470. ఈ చిన్న లెక్క తెలిసినవాడికే తెర మీద గీత చూడగానే అనుమానమొస్తుంది.

ఇంకో తమాషా ఆసిలేటర్‌ది. అంటే తనంతట తాను ఊగుతూ శబ్దం పుట్టించే సర్క్యూట్. నిజం బోర్డు మీద స్విచ్ వేయగానే మోగుతుంది. సిమ్యులేటర్‌లో ఎన్నిసార్లు రన్ నొక్కినా ఒక్కోసారి చలనం ఉండదు. సర్క్యూట్ తప్పని పిల్లలు తలపట్టుకుంటారు. తప్పు లేకపోవడమే అక్కడ తప్పు! నిజం తీగల్లో ఎప్పుడూ సన్నటి గందరగోళం ఉంటుంది. వేడికి ఎలక్ట్రాన్లు కదులుతూనే ఉంటాయి. ఆ రవ్వంత అలజడే ఉయ్యాలకు మొదటి తోపు. కంప్యూటర్ లోకంలో అన్నీ ప్రశాంతం, తోసేవాళ్లే లేరు. అందుకే తెలిసినవాళ్లు మొదట్లో కెపాసిటర్‌కు కాస్త వోల్టేజీ ఇచ్చి చేత్తో ఒక తోపు తోస్తారు. అప్పుడు ఊగుతుంది.

ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా ఫోన్‌లోనూ చిన్న చిన్న సర్క్యూట్లు గీసి చూసే యాప్‌లు ఉన్నాయి. స్కూలు పిల్లలకు బ్రౌజర్‌లో నడిచే టింకర్‌క్యాడ్ చాలు. డిగ్రీ, ఇంజినీరింగ్ వాళ్లకు ఎల్‌టీస్పైస్ మంచి తోడు. సర్క్యూట్‌ను అచ్చు బోర్డుగా మార్చుకోవాలంటే కైక్యాడ్. ఫ్రాన్స్‌లో పాఠాలు చెప్పే జాన్ పియేర్ షరాస్ 1992లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కు తర్వాత యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల కూడా చెయ్యందించింది. ఇప్పటికీ ఉచితమే. దొంగ సీడీల కోసం వెతికే అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు.

మళ్లీ ఆ ట్యాంకు దగ్గరికి... డార్లింగ్‌టన్ జత పెట్టాక బజర్ వీధి చివరిదాకా వినిపించింది. నెలా, రెండు నెలలు పక్కింటివాళ్లు కేకెయ్యాల్సిన పని పడలేదు. మూడో నెలలో మళ్లీ నిశ్శబ్దం. బ్యాటరీ మార్చింది, లాభం లేదు. మేడెక్కి తీగలు పైకి తీసి చూస్తే ఒకటి బాగానే ఉంది, బ్యాటరీ ప్లస్ వైపుది మాత్రం పచ్చగా పొక్కులెక్కి సగానికి కరిగిపోయింది. నీళ్లలో రాగి తీగల మధ్య ఒకే దిక్కుగా కరెంటు పారుతుంటే ప్లస్ వైపు రాగి అణువణువూ నీళ్లలోకి జారిపోతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిందే. ఏ సిమ్యులేటర్ తెరా ఈ ముక్క చెప్పలేదు, దానికి నీళ్లంటే ఒక రెసిస్టర్ మాత్రమే.

తుప్పు పట్టని లోహం కావాలి. ఈసారి కోఠీదాకా వెళ్లలేదు. ఆ సాయంత్రం వంటింట్లో రెండు స్టీలు స్పూన్లు తక్కువయ్యాయి.